పిల్లలు నిద్రపోయాక ఈఈజీ తీయండి: రెండు తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్యారోగ్య శాఖ మంత్రులకు, కార్యదర్శులకు, వైద్యవిద్య సంచాలకులకు, బోధనాసుపత్రుల సూపరింటెండెంట్లకు

నమస్కారం.

నాలుగైదేళ్ల పిల్ల. అంగన్‌వాడీలో పాటలు పాడేది, రంగుల పేర్లు చెప్పేది. కొన్ని నెలల్లో మొదట కొత్త మాటలు రావడం ఆగిపోతుంది, తర్వాత ఉన్న మాటలూ పోతాయి. పిలిస్తే పలకదు. తలుపు చప్పుడైతే తిరిగి చూస్తుంది గానీ, ‘నీళ్లు తాగుతావా’ అంటే అర్థం కానట్టు మొహంలోకి చూస్తుంది. మానేసిన చొంగ మళ్లీ కారుతుంది. ఫిట్స్ వచ్చాయా అని అడిగితే, ‘ఎప్పుడో ఒకసారి తెల్లవారుజామున మూతి వంకర పోయింది, రెండు నిమిషాల్లో సర్దుకుంది’ అంటారు ఇంట్లోవాళ్లు. పెద్దాసుపత్రికి తీసుకొస్తే పగలు, మెలకువగా ఉన్నప్పుడు ఇరవై నిమిషాల ఈఈజీ (మెదడులోని విద్యుత్ అలలను గీతలుగా చూపే పరీక్ష) తీసి ‘నార్మల్’ అని రాసి ఇస్తారు. అక్కడి నుంచి ఆ పిల్లను చెవి పరీక్షకో, ఆటిజం సెంటర్‌కో పంపుతారు. అక్కడా ఏమీ తేలకపోతే మొండితనం అనేస్తారు.

ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉన్న జబ్బు నిద్రలో తప్ప బయటపడదు. ఈ లేఖ ఆ జబ్బు గురించీ, దాన్ని పట్టుకోవడానికి మీ ఆసుపత్రుల్లో మారాల్సిన పనుల గురించీ. పిల్లల నాడీవైద్యం, ఈఈజీ, జన్యు సలహా, స్పీచ్ థెరపీ పనుల్లో ఉన్నవాళ్లం కలిసి రాస్తున్నాం.

1971లో పాట్రీ, ల్యాగూబీ, తసినారి అనే ముగ్గురు వైద్యులు ఆరుగురు పిల్లల్లో ఒక వింత గమనించారు. మెలకువలో అక్కడక్కడా కనిపించే స్పైకులు (ఈఈజీ గీతల్లో మొనదేలి లేచే అసహజ అలలు), పిల్లలు కునుకు తీయగానే మెదడంతా కమ్మేసి, నిద్ర ఉన్నంతసేపూ ఆగడం లేదు. పైకి ఫిట్స్ ఏమీ కనిపించవు, పిల్లలు హాయిగా నిద్రపోతున్నట్టే ఉంటారు. దానికి ఈఎస్‌ఈఎస్ అనే పేరు (నిద్రలో మెదడులో ఆగకుండా సాగే విద్యుత్ అలజడి అని దాని భావం) చాలాకాలం నడిచింది. 2022లో మూర్ఛ నిపుణుల అంతర్జాతీయ సంఘం ఇంటర్నేషనల్ లీగ్ అగైనెస్ట్ ఎపిలెప్సీ పేరు మార్చింది: ముందు మామూలుగా ఎదిగి తర్వాత వెనక్కి వెళ్లిన పిల్లల్లో ఈఈ-స్వాస్ (స్వాస్ అంటే నిద్రలో స్పైకులు చెలరేగడం), ముందునుంచే ఎదుగుదల మందగించి ఉన్నవాళ్లలో డీఈఈ-స్వాస్. 1957లో లాండో, క్లెఫ్నర్ వర్ణించిన జబ్బు, అంటే విన్న మాట అర్థం కాకుండా పోయి క్రమంగా మాట కూడా పోయే జబ్బు, ఇప్పుడు ఇందులోకే వస్తుంది. మీ దగ్గరికి వచ్చే పాత కాగితాల్లో ఈఎస్‌ఈఎస్, సీఎస్‌డబ్ల్యూఎస్, లాండో-క్లెఫ్నర్ అని ఏది రాసి ఉన్నా అన్నీ ఈ కుటుంబంలోవే.

సాధారణంగా ఇది రెండేళ్లకూ పన్నెండేళ్లకూ మధ్య మొదలవుతుంది, ఎక్కువగా నాలుగైదేళ్లప్పుడు. యుక్తవయసు వచ్చేసరికి ఈఈజీ దానంతట అదే శుభ్రపడుతుంది. కష్టమంతా ఇక్కడే ఉంది. ఈఈజీ బాగుపడినా పోయిన భాష, పోయిన తెలివి తిరిగి వస్తాయన్న నమ్మకం లేదు. నిద్రలో ఆ తుపాను ఎంతకాలం నడిచిందన్నదాని మీదే చాలావరకు ఆధారపడుతుంది. రెండేళ్లు దాటి సాగనిస్తే తిరిగొచ్చేది తక్కువ. ‘పెద్దయ్యాక అదే తగ్గిపోతుంది’ అని ధైర్యం చెప్పడం ఈ జబ్బు విషయంలో పిల్లకు అన్యాయం.

నిద్రకూ మాట పోవడానికీ సంబంధం ఏమిటని అడుగుతారు. పగలంతా నేర్చుకునేటప్పుడు మెదడులో కణాల మధ్య బంధాలు బలపడుతూ పోతాయి. రాత్రి గాఢనిద్రలో వచ్చే నెమ్మదైన పెద్ద అలలు ఆ బంధాలను సరిచేసి, అక్కర్లేనివి సడలించి, మర్నాటి చదువుకు చోటు చేస్తాయని పరిశోధకులు భావిస్తున్నారు. మామూలు పిల్లల్లో రాత్రి మొదట్లో నిటారుగా ఉండే ఆ అలలు తెల్లారేసరికి వాలిపోతాయి. ఈ జబ్బున్న పిల్లల్లో అలా వాలడం లేదని జ్యూరిక్ పిల్లల ఆసుపత్రి వైద్యులు 2011లో చూపించారు. రాత్రంతా పడుకున్నా మెదడు సర్దుకోవడం జరగదు. కాబట్టి ఈ జబ్బులో ఫిట్స్ లెక్క అసలు కొలత కాదు. లాండో-క్లెఫ్నర్ పిల్లల్లో ఐదుగురిలో ఒకరికి, కొన్ని లెక్కల ప్రకారం అంతకంటే ఎక్కువమందికి, ఫిట్స్ అసలే రావు. ‘ఫిట్స్ లేవు కదా, ఈఈజీ ఎందుకు’ అనే మాట ఓపీల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాట మానాలి.

ఇక ఈఈజీ గది. మా విన్నపాల్లో పెద్ద భాగం దీని గురించే.

పరీక్షకు ముందురోజే పని మొదలవుతుంది. మన పిల్లల తలకు కొబ్బరినూనె ఉంటుంది. నూనె తల మీద ఎలక్ట్రోడ్ సరిగా అంటదు, నిరోధం పెరుగుతుంది, గీతల్లో కరెంటు లైను గోల చేరుతుంది. నిరోధం ఐదు కిలోఓముల లోపు ఉండాలి. ముందురోజు కుంకుడుకాయతోనో షాంపూతోనో తలంటి, నూనె రాయకుండా, జడ వేయకుండా తీసుకురమ్మని ఓపీ చీటీ వెనకాల తెలుగులో అచ్చువేసి ఇవ్వండి. రాత్రి పదకొండు, పన్నెండు దాకా మేలుకోబెట్టి, తెల్లవారుజామున నాలుగింటికి లేపమని రాయండి. వేసుకునే మూర్ఛ మందు మాత్రం ఆపొద్దని అదే కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి. నిద్ర తక్కువైన రోజున మందు కూడా మానేస్తే ఫిట్స్ వరసగా వచ్చి ప్రాణం మీదికి రావచ్చు.

ఇంత చేసినా తరచూ పరీక్ష పాడయ్యేది ఎక్కడంటే, బస్సులో. శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చే పిల్ల బస్సు కిటికీకి ఆనుకుని రెండు గంటలు పడుకుంటుంది. పది గంటలకు రమ్మంటారు, పేరు పిలిచేది ఒంటిగంటకు, ఈలోపు వరండాలో అమ్మ ఒళ్లో ఇంకో నిద్ర. యంత్రం కింద పడుకోబెట్టాక కళ్లు పెద్దవి చేసి చూస్తుంది. దూరం నుంచి వచ్చే పిల్లలకు మధ్యాహ్నం భోజనాల తర్వాత సమయం ఇచ్చి, ఆ సమయానికే పిలిస్తే చాలావరకు సహజంగా పడుకుంటారు. గది చీకటిగా ఉండాలి, ఫ్యాను తిరగాలి, తల్లి పక్కన పడుకోవడానికి మంచంలో చోటుండాలి. ఆ గదిలో ఫోను మోగకూడదు.

నిద్రమందు ఇవ్వాల్సి వస్తే ట్రైక్లోఫాస్ సిరప్ గానీ మెలటోనిన్ గానీ ఇవ్వొచ్చు. మిడజోలం, డయజిపాం మాత్రం ఇవ్వకూడదు. అవి స్పైకులను అణిచే మందులు, ఈ జబ్బుకు వైద్యంగా ఇచ్చేవే. అవి ఇచ్చి తీసిన ఈఈజీ శుభ్రంగా కనిపించి అందరినీ మోసం చేస్తుంది. ఏ మందు, ఎంత, ఎన్ని గంటలకు ఇచ్చారో టెక్నీషియన్ రికార్డు మీదే రాయాలి.

కళ్లు మూసుకుని మగతగా ఉన్న ఐదు నిమిషాలను నిద్ర అనకండి. మెలకువలో కనీసం ఇరవై నిమిషాలు, ఆ తర్వాత నిద్రలో ఒక పూర్తి చక్రం, అంటే గంటకు తక్కువ కాకుండా తీయాలి. పగటి నిద్రలో అనుమానం తీరకపోతే రాత్రంతా వీడియోతో తీయాలి. దీనికి కొత్త విభాగం కట్టక్కర్లేదు. ఉన్న యంత్రాన్నే వారంలో రెండు రాత్రులు పిల్లల వార్డుకు తరలించి, టెక్నీషియన్‌కు ఆ రెండు రాత్రులు డ్యూటీ వేసి, మర్నాడు సెలవిస్తే చాలు. ఎలక్ట్రోడ్లు రాత్రంతా నిలవాలంటే పేస్టు పెట్టి పైన గాజుగుడ్డ తలపాగాలా చుట్టాలి. యూపీఎస్ లేకుండా రాత్రి రికార్డింగ్ మొదలుపెట్టొద్దు. అర్ధరాత్రి ఐదు నిమిషాలు కరెంటు పోయి ఫైలు చెడితే ఆ కుటుంబం మళ్లీ నెల ఆగాలి.

రిపోర్టు సంగతి. ‘నిద్రలో స్పైకులు పెరిగాయి’ అన్న వాక్యం ఎవరికీ ఉపయోగపడదు. అంకె కావాలి. లెక్క కష్టం కాదు: గాఢనిద్ర మొదలయ్యాక పది నిమిషాలు తీసుకోండి, అంటే 600 సెకన్లు. స్పైక్-వేవ్ (స్పైకు, దాని వెంటే ఒక నెమ్మదైన అల) కనీసం ఒకటైనా ఉన్న సెకన్లెన్నో లెక్కపెట్టండి. 420 ఉంటే సూచిక 70 శాతం. మెలకువలో అదే సూచిక ఎంతో పక్కన రాయండి. పూర్వం 85 శాతం దాటితేనే ఈ జబ్బు అనేవాళ్లు. ఇప్పుడు 50 శాతం దాటి, పిల్ల వెనక్కి వెళ్తుంటే ఆగకూడదన్నది ఎక్కువమంది అభిప్రాయం. స్పైకులు ఎటువైపు, ఏ భాగంలో ఎక్కువో కూడా రాయాలి. ఒకవైపే ఉండి, ఎంఆర్‌ఐలో పుట్టుకనాటి దెబ్బ కనిపిస్తే ఆపరేషన్ ఆలోచన వస్తుంది. చదివే నిపుణులు ప్రతి జిల్లాలో ఉండరు. రికార్డింగ్‌ను ఈడీఎఫ్ (వేర్వేరు ఈఈజీ యంత్రాల మధ్య పంచుకోగల రకం) ఫైలుగా హైదరాబాద్, విశాఖపట్నం, గుంటూరు, తిరుపతి లాంటి చోట్ల ఉన్న నాడీవైద్య విభాగాలకు పంపి చదివించవచ్చు. పిల్ల ప్రయాణం చేయనవసరం లేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. రొలాండిక్ మూర్ఛ అని పిల్లల్లో చాలా మామూలుగా కనిపించే రకం ఉంది. దానిలోనూ నిద్రలో స్పైకులు పెరుగుతాయి, అయినా ఎక్కువమంది ఏ నష్టమూ లేకుండా బయటపడతారు. కొద్దిమందే స్వాస్‌లోకి జారతారు. కాబట్టి ఈఈజీ ఒక్కటే చూసి స్టెరాయిడ్లు మొదలుపెట్టడం కూడా తప్పే. పిల్ల వెనక్కి వెళ్తోందా లేదా అన్నది ఈఈజీ పక్కనే ఉండాలి.

అది తెలియాలంటే ముందు కొలిచి ఉండాలి. పూర్తి తెలివితేటల పరీక్ష చేసే సైకాలజిస్టు దొరకడం కష్టమైన చోట మేం సూచించేది ఇది: నెలకోసారి, అదే బొమ్మల పుస్తకంతో, అవే ఇరవై బొమ్మల పేర్లు అడుగుతూ, ‘చెంచా తీసి, గిన్నెలో పెట్టి, తలుపు మూయి’ లాంటి మూడంచెల మాట ఒకటి చెబుతూ తల్లి ఫోనులో ఐదు నిమిషాల వీడియో తీయాలి. వైద్యం మొదలయ్యే ముందు ఒకటి తప్పనిసరి. ‘కొంచెం నయంగా ఉందండీ’ అన్న మాటకూ ఆ వీడియోకూ చాలా తేడా ఉంటుంది.

మందుల దగ్గర ఒక ప్రమాదముంది, ఇది మీ సరఫరా విభాగం కూడా వినాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలుగా దొరికే మూర్ఛ మందుల్లో కార్బమజెపైన్ ఒకటి. ఈ జబ్బులో అది నిద్ర స్పైకులను ఎగదోస్తుంది, పైకి ఫిట్స్ తగ్గించినా. ఆక్స్‌కార్బజెపైన్ కూడా అంతే. ఫెనిటాయిన్, ఫినోబార్బిటోన్‌లతోనూ దిగజారిన పిల్లల వివరాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. మూతి ఒకవైపు లాగే ఫిట్స్‌కు కార్బమజెపైన్ రాయడం అలవాటుగా జరిగే పని. అది మొదలైన వారాల్లో మాట తగ్గినా, చొంగ పెరిగినా, తల వాలిపోతున్నా మందు పెంచకుండా నిద్రలో ఈఈజీ తీయించాలి. అలాగని ఇంట్లోవాళ్లు ఆ మందును ఉన్నట్టుండి ఆపేయకూడదు. వేరే మందు చేర్చి, డాక్టరు చెప్పిన లెక్కలో దించాలి.

పనిచేసే మందులు ఖరీదైనవి కావు. వాల్ప్రొయేట్, లెవిటిరాసిటం, ఎథోసుక్సిమైడ్, క్లోబజాం, రాత్రిపూట ఎక్కువ మోతాదు డయజిపాం వాడుకలో ఉన్నాయి. స్టెరాయిడ్లు వీటన్నిటికంటే బలమైనవని ఎక్కువమంది నిపుణుల అనుభవం. రోజుకు కిలో బరువుకు 1 నుంచి 2 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ గానీ, నెలకోసారి వరసగా మూడు రోజులు కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున మిథైల్ ప్రెడ్నిసొలోన్ సెలైన్‌లో గానీ ఇస్తారు. ఐరోపాలో స్టెరాయిడ్లనూ క్లోబజాంనూ పోల్చిన యాదృచ్ఛిక పరీక్ష (ఎవరికి ఏ మందో చీటీ వేసినట్టు నిర్ణయించే పరీక్ష) ఫలితాలు 2024లో వచ్చాయి. చేరిన పిల్లలు 45 మందే, అనుకున్నంతమంది దొరక్క ముందే ముగించారు. అయినా తెలివిలో చెప్పుకోదగ్గ మెరుగు స్టెరాయిడ్ వైపే కనిపించింది.

స్టెరాయిడ్ ఇచ్చేచోట మన ఊళ్లకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఎవరికైనా క్షయ ఉందా అని అడిగి, అవసరమైతే ఛాతీ ఎక్స్‌రే తీసిన తర్వాతే మొదలుపెట్టాలి. వీధిలో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే అదే రోజు ఆసుపత్రికి చెప్పాలి. ‘అమ్మవారు పోసినప్పుడు మందులు వేయకూడదు’ అనే నమ్మకంతో స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానేస్తే రెండు ప్రమాదాలు కలిసొస్తాయి: శరీరం తన స్టెరాయిడ్ తాను తయారుచేసుకోలేని స్థితి, దానిమీద ఆటలమ్మ తీవ్రత. ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకు ఇది ముందే తెలిసి ఉండాలి. ప్రాణమున్న వైరస్‌తో చేసిన టీకాలు ఆ కాలంలో వేయొద్దు. బీపీ, షుగర్, బరువు నెలనెలా చూడాలి. మందు మొదలైన ఒకటి నుంచి మూడు నెలల లోపు నిద్ర ఈఈజీ మళ్లీ తీయకపోతే మందు పనిచేసిందో లేదో ఎవరూ చెప్పలేరు.

జన్యువుల విషయం. కారణం దొరికిన పిల్లల్లో ఎక్కువగా వినిపించే పేరు గ్రిన్2ఏ, 16వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మెదడు కణాల మీద గ్లూటమేట్‌ను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకంలో ఒక భాగాన్ని ఇది తయారుచేస్తుంది. 2013లో మూడు పరిశోధక బృందాలు దీన్ని ఒకేసారి బయటపెట్టాయి. మగపిల్లల్లో సీఎన్‌కేఎస్ఆర్2 అనే ఎక్స్ క్రోమోజోమ్ జన్యువు కూడా ఇలాగే చేస్తుంది. గ్రిన్2ఏ మార్పుల్లో కొన్ని గ్రాహకాన్ని మందగింపజేస్తాయి, కొన్ని మితిమీరి పనిచేయిస్తాయి. రెండో రకంలో మెమాంటిన్, మొదటి రకంలో ఎల్-సెరీన్ ప్రయత్నిస్తున్నారు, ఇంకా పరిశోధన దశలోనే. ఏ రకమో తేలకుండా ఇవ్వడం మంచిది కాదు.

జన్యుపరీక్ష రాగానే మన కుటుంబాల్లో మొదట వచ్చే మాట ‘మేనరికం’. గ్రిన్2ఏకు మేనరికంతో సంబంధం లేదు. తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు ప్రతుల్లో ఒక్కదానిలో మార్పు ఉన్నా చాలు. చాలాసార్లు ఆ మార్పు పిల్లలోనే కొత్తగా పుడుతుంది, కొన్నిసార్లు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తుంది. అలా ఇచ్చినవాళ్లకు చిన్నప్పుడు ఒకటి రెండు ఫిట్స్, కాస్త నత్తి తప్ప ఏమీ లేకపోవచ్చు. అందుకే పిల్ల రక్తంతోపాటు తల్లిదండ్రులిద్దరి రక్తమూ పంపాలి. అప్పుడే ‘అర్థం తేలని మార్పు’ అని వచ్చే ఫలితం చాలాసార్లు తేలుతుంది, తర్వాతి కాన్పు గురించి చెప్పడానికీ వీలవుతుంది. తల్లి మీద నెపం పడకుండా ఈ మాటను ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పే జన్యు సలహాదారు ఉండాలి. హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద ఉత్కృష్టతా కేంద్రంగా ఉన్నాయి. జిల్లా ఆసుపత్రి నుంచి నమూనా అక్కడికి చేరే దారి, ఖర్చు భరించే పద్దు స్పష్టంగా రాసి ఇవ్వండి. ఒక్క మాట: జన్యు ఫలితం కోసం వైద్యం ఆపకూడదు. అది నెలలు పట్టొచ్చు, పిల్ల దగ్గర నెలలు లేవు.

2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, అంటే పిల్లల ఆరోగ్య తనిఖీ పథకం, మీ చేతిలోనే ఉంది. సంచార బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్తాయి. వాళ్లు చూడాల్సిన జాబితాలో మూర్ఛ ఉంది, వినికిడి లోపం ఉంది, మాట ఆలస్యం ఉంది. లేనిది ఒక ప్రశ్న: ‘వచ్చిన మాట, వచ్చిన పని ఏదైనా పోయిందా?’ ఆలస్యం వేరు, పోవడం వేరు. పోయిందన్న ప్రతి పిల్లనూ జిల్లా సత్వర చికిత్సా కేంద్రం నేరుగా నిద్ర ఈఈజీకి పంపాలి. వినికిడి పరీక్ష మామూలుగా ఉన్నా మాట అర్థం కాని పిల్లకు చెవి మిషను పెట్టేముందు కూడా ఇదే దారి.

బడి విషయం క్లుప్తంగా. వైద్యం నడుస్తుండగానే స్పీచ్ థెరపీ మొదలవ్వాలి. విన్న మాట అందని పిల్లకు బొమ్మల కార్డులు, సైగలు నేర్పాలి, అవి మాటను అడ్డుకుంటాయన్న భయం అక్కర్లేదు. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రాల ఉపాధ్యాయులకు ఈ జబ్బు పేరు, దానిలో పిల్ల తీరు రోజురోజుకూ మారుతుందన్న సంగతి తెలిస్తే చాలా మేలు. నిన్న చెప్పిన అక్షరం ఈరోజు రాకపోతే అది బద్ధకం కాదు.

డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలోనూ, ఆరోగ్యశ్రీలోనూ మేం అడిగేది పిల్లల రాత్రి వీడియో ఈఈజీకీ, మూడు రోజుల స్టెరాయిడ్ చికిత్సకూ, పిల్ల, తల్లి, తండ్రి ముగ్గురి జన్యుపరీక్షకూ విడివిడిగా పేరూ ధరా రాసిన ప్యాకేజీలు. ‘మూర్ఛ’ అని ఒకే పద్దు కింద ఉంటే, ఫిట్స్ లేని ఈ పిల్లలు ఏ పద్దులోకీ రారు.

ఇవన్నీ ఒకేసారి జరగవని మాకు తెలుసు. ముందు రెండు రాష్ట్రాల వైద్యవిద్య సంచాలకులు ఒక సర్క్యులర్ ఇవ్వాలని కోరుతున్నాం: పన్నెండేళ్లలోపు పిల్లల్లో మాట గానీ తెలివి గానీ వెనక్కి వెళ్తే, ఫిట్స్ ఉన్నా లేకపోయినా, నిద్రలో తీసిన ఈఈజీ లేకుండా ‘నార్మల్’ అని రిపోర్టు ఇవ్వరాదు, నిద్ర ఎన్ని నిమిషాలు రికార్డయిందో, స్పైక్-వేవ్ సూచిక ఎంతో ప్రతి రిపోర్టులో రాయాలి. ఆ సర్క్యులర్ ముసాయిదా, తల్లిదండ్రులకు ఇవ్వాల్సిన తెలుగు కాగితం, టెక్నీషియన్లకు రెండు రోజుల శిక్షణ పాఠం మేం సిద్ధం చేసి ఇస్తాం. ఏ జిల్లాకు రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
పిల్లల నాడీవైద్యం, ఈఈజీ, జన్యు సలహా, స్పీచ్ థెరపీ రంగాల్లో పనిచేస్తున్నవాళ్లం